వాన వెలిసింది: నవోదయ పరీక్షకు ఒక పాపతో తెలుగు పదాలు చదివిన ఆరు నెలలు

"వాన వెలిసింది. రైతులు పొలాలకు బయలుదేరారు."

ఈ రెండు వాక్యాలు రాసి, వెలిసింది అంటే ఏమిటని నాలుగు ఆప్షన్లు ఇచ్చాను. మొదలైంది, ఆగిపోయింది, పెరిగింది, మెరిసింది. పాప 'మొదలైంది' మీద టిక్కు పెట్టింది. తెలియలేదులే అనుకుని తర్వాతి ప్రశ్నకు పోయేవాణ్ణే. అంతలో బయట చప్పుడు తగ్గినట్టుంది, పాప వరండా అంచుకు పోయి చెయ్యి చాపి చూసి, "సార్, వాన ఎలిసింది, ఇంటికి పోవాల్నా?" అంది. రెండింటికీ మధ్య పది నిమిషాలు కూడా లేవు.

తెలిసిన మాటే కాగితం మీదికి వచ్చేసరికి ఎందుకు తెలియకుండా పోయింది? ఆ ఆరు నెలలూ నేను చేసిందంతా ఈ ప్రశ్న వెంట పడటమే. ఏం పనిచేసిందో, ఏం చెయ్యలేదో, ఎక్కడ నేనే తప్పు చేశానో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నవోదయకు పిల్లల్ని తయారు చేసే టీచర్లకు, అమ్మానాన్నలకు ఏమైనా పనికొస్తుందేమో చూడండి.

నేను పాలమూరు వైపు ఒక ఊళ్ళో ప్రైమరీ స్కూల్ టీచర్ని. సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర దాకా బడి వరండాలోనే ఐదో తరగతి పిల్లలకు నవోదయ క్లాసు చెప్తాను, ఫీజు లేదు. మా పిల్లల గురి వట్టెం నవోదయ. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. నవోదయలంటే కేంద్ర ప్రభుత్వం నడిపే హాస్టల్ బడులు, పరీక్ష రాసి చేరాలి. ఒక్కో నవోదయలో ఆరో తరగతికి 80 దాకా సీట్లు, కనీసం 75 శాతం పల్లె పిల్లలకే. ఐదో తరగతి చదువుతున్న ఏడాదే రాయాలి, రెండో ఛాన్స్ లేదు. పేపరు రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో మెంటల్ ఎబిలిటీ (బొమ్మలు చూసి ఆలోచించి చెప్పేవి) 40 ప్రశ్నలు, లెక్కలు 20, భాష 20. భాష అంటే వ్యాకరణం కాదు. నాలుగు పేరాలిచ్చి, ఒక్కోదాని కింద ఐదేసి ప్రశ్నలు అడుగుతారు. ఆ ఐదింట్లో ఒకటో రెండో పదాల అర్థాల మీదే ఉంటాయి. ఒక్కో ప్రశ్న 1.25 మార్కులు, తప్పు రాస్తే కోత లేదు. (పి.వి. కేంద్రంలో విద్యాశాఖ చూసే రోజుల్లో మొదలైన బడులివి. అంతకుముందు 1971లో, ఆయన ముఖ్యమంత్రిగా ఉండగానే అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల పెట్టారు.)

ఇక పాప సంగతి. ఉండేది మా ఊళ్ళోనే, చదివేది మండలంలో ప్రైవేటు ఇంగ్లీష్ మీడియం. నాన్న హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేస్తాడు, అమ్మ కైకిలికి (కూలి పనికి) పోతుంది, ఇంట్లో నాయనమ్మ ఉంది, పాప అవ్వా అని పిలుస్తుంది. 2024 జూలైలో వాళ్లమ్మ తీసుకొచ్చి, "సారూ, ఇది మంచిగనే చదువుతది. నవోదయ కొట్టేటట్టు చెయ్యాలె" అంది.

మొదట మీడియం తేలాలి. అప్లికేషన్ నింపేటప్పుడే పరీక్ష ఏ భాషలో రాస్తారో చెప్పాలి, పేపరు మొత్తం ఆ భాషలోనే వస్తుంది. వాళ్లమ్మ ఇంగ్లీషే అంది. "ఇన్ని పైసలు కట్టి సదివిపిస్తున్నం సారూ, తెలుగుల రాస్తే ఎట్ల?" నేను ఒకే స్థాయి పేరాలు రెండు భాషల్లోనూ ఇచ్చి చూశాను. ఇంగ్లీష్‌లో 20కి 6 వచ్చాయి, తెలుగులో 9. రెండూ ఏడుపే. అయితే ఏడుపులో తేడా ఉంది. ఇంగ్లీష్ పేరాను గడగడా చదివేస్తుంది, ఏమర్థమైందని అడిగితే బిక్కమొహం వేస్తుంది. తెలుగు పేరాను కూడబలుక్కుంటూ చదువుతుంది, కానీ చదివిన మేరకు కథ చెప్పేస్తుంది. చదవడంలో నెమ్మదిని ఆరు నెలల్లో సరిచేయొచ్చు, అర్థం కాకపోవడాన్ని సరిచేయడానికి ఆరు నెలలు చాలవు. తెలుగుకే ఒప్పించాను.

దీనికి ఒక ఖరీదు ఉందని ముందు నాకే తట్టలేదు. లెక్కలు కూడా తెలుగులోనే వస్తాయి కదా. ఎల్‌సీఎం వచ్చు, క.సా.గు. అంటే తెలియదు. న్యూమరేటర్ వచ్చు, లవం తెలియదు. బారువడ్డీ, చుట్టుకొలత, భాజకం, అన్నీ కొత్తే. ఇవైనా నయం, పదో పదిహేనో మాటలు పట్టికగా రాసిచ్చి నేర్పొచ్చు. చిక్కంతా చిన్న మాటలతోనే. "ఆరుగురికి ఒక్కొక్కరికి 5 చొప్పున పంచగా" అని లెక్క ఇస్తే, పాప చాలాసేపు చూసి, "సార్, చొప్ప బర్రెలకు కదా ఏసేది, మనుషులకెందుకు?" అంది. మా వైపు జొన్న చొప్ప తెలియని పిల్లలుండరు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ రాత్రి పాత పేపర్లు ముందేసుకుని చొప్పున, మిగతా, వెచ్చించి, సరాసరి లాంటి మాటలు లెక్కల్లో ఎక్కడెక్కడ వస్తున్నాయో గీతలు గీస్తూ కూర్చున్నాను. అప్పుడర్థమైంది, పదాల గొడవ భాష విభాగంలోని 20 ప్రశ్నలతో ఆగేది కాదని.

అయినా సరే, ఆ తర్వాత నేను చేసింది అందరూ చేసేదే. పర్యాయపదాలు, వ్యతిరేకపదాలు కలిపి 300 మాటల లిస్టు జిరాక్స్ తీసి ఇచ్చాను, రోజుకు 15. పాప జ్ఞాపకశక్తికి దండం పెట్టాలి, ఇరవై రోజుల్లో మొత్తం అప్పజెప్పింది. ఆగస్టు చివర మళ్లీ టెస్టు పెడితే 20కి 10. నేను పెట్టే టెస్టులో పదాల ప్రశ్నలు ఎనిమిది ఉంటాయి. జూలైలో వాటిలో రెండు సరిగ్గా రాసింది, లిస్టు మింగాక మూడు. వాన వెలిసింది కూడా ఆ టెస్టులోదే.

పేపరు దిద్ది వదిలేయకుండా, తప్పు పోయిన ఒక్కో ప్రశ్న దగ్గర కూర్చోబెట్టి ఇది ఎందుకు రాశావని అడిగాను. ముందే చేయాల్సిన పని. వెలిసింది దగ్గర పాప చెప్పింది, "లిస్టుల 'వెలయు అంటే ఏర్పడు' అని ఉంది సార్." నిజమే, నేనే రాశాను. గుట్ట మీద దేవుడు వెలిశాడు అన్నప్పుడు అదే అర్థం. చొక్కా రంగు వెలిసింది అంటే వేరు, వాన వెలిసింది అంటే ఇంకా వేరు. నిఘంటువులో వెలయు, వెలియు రెండు మాటలు, రాతలోకి వచ్చేసరికి చాలాసార్లు రెండూ 'వెలిసింది' అయి కూర్చుంటాయి. లిస్టులో రెండోదానికి చోటే లేదు. పాపకు పుట్టినప్పటి నుంచి తెలిసిన అర్థాన్ని నా లిస్టు తోసేసిందన్నమాట.

సరే, అలాగైనా వాక్యం చూసుకోవాలి కదా అన్నాను. "మొదలైంది అని పెట్టి చదువు. వాన మొదలైంది, రైతులు పొలాలకు బయలుదేరారు. కుదురుతుందా?"

"కుదురుతది సార్. తొలకరి పడితే దున్నడానికి పోతరు కదా."

నా దగ్గర జవాబు లేదు. పదేళ్ల పిల్ల చెప్పింది అక్షరాలా కరెక్టు, మృగశిర కార్తెలో వాన మొదలైతేనే నాగళ్లు కదిలేది. ప్రశ్నే సరిగ్గా లేదు. సందర్భం చూసి అర్థం పట్టుకోమని పిల్లల్ని దబాయిస్తాం గానీ, మనం రాసిచ్చే వాక్యాల్లో సగానికి ఆ సందర్భమే ఉండదు. ఆ వాక్యాన్ని ఇలా మార్చాను: "రెండు రోజులుగా ఎడతెరిపి లేకుండా కురుస్తున్న వాన తెల్లవారేసరికి వెలిసింది." ఇప్పుడు 'మొదలైంది' పెట్టి చూడండి, వాక్యమే ఒప్పుకోదు. మార్కెట్లో దొరికే గైడ్లలో ఈ తేడా చూసి రాసినవి తక్కువ. ఆ తర్వాత నేను ఏ వాక్యం తయారు చేసినా నాలుగు ఆప్షన్లూ అందులో పెట్టి చదివి, రెండు అతికితే చింపేశాను. చాలా చింపాను.

లిస్టు పక్కన పెట్టేశాం. తప్పులన్నీ కలిపి చూస్తే కొన్ని గుంపులు కనపడ్డాయి.

ఎక్కువ తప్పులు, ఇంట్లో ఒక పేరుతో తెలిసి, పుస్తకంలో ఇంకో పేరుతో ఎదురైన మాటల దగ్గరే. తాపీగా అంటే తెలియదు, నిమ్మలంగ తెలుసు. స్మృతి తెలియదు, యాది తెలుసు. మైత్రి తెలియదు, సోపతి తెలుసు. భీతి అంటే తెల్లమొహం, బుగులు అంటే కళ్లు పెద్దవి చేస్తుంది. నేర్పు అనగానే ఇంగ్లీష్ టీచ్ అంది. ఇగురం అని చెప్పాక, "మా అవ్వ ఇగురంగ సంసారం చేసింది అంటరు" అని తనే వాక్యం అందించింది. ఇలాంటి పిల్లకు పదసంపద లేదని మనం రిపోర్టులు రాస్తాం! ఉన్నదాన్ని బడి గుర్తించలేదు, అంతే.

దీనికో నోట్‌బుక్ పెట్టాం. ఎడమ వైపు ఇంటి మాట, మధ్యలో పుస్తకం మాట, కుడి వైపు పాప సొంత వాక్యం. వాక్యానికి ఒకటే షరతు, ఆ రోజు నిజంగా జరిగిన సంగతి అయివుండాలి. ఈ షరతు లేకపోతే పిల్లలు "రాము తాపీగా ఉన్నాడు" అని రాసి పడేస్తారు. అందులో తాపీ ఉన్నా ఒకటే, టోపీ ఉన్నా ఒకటే. పాప రాసింది చూడండి: "అవ్వ తాపీగా వక్క నములుతుంటే బస్సు పోయింది." తాపీకి ఇంతకన్నా మంచి వాక్యం నేనూ రాయలేను. రోజుకు నాలుగు మాటలే, పదిహేను కాదు. రెండు వారాలయ్యేసరికి అవ్వ కూడా దీంట్లో దిగింది, రాత్రి అన్నం తినేటప్పుడు మాటలు ఏరి చెప్పేదట. ఒకరోజు 'పరాశికం' పంపింది. దాని పక్కన పుస్తకం మాటగా పరిహాసం అని రాయించాను.

అదే కొంప ముంచింది. తర్వాతి వారం టెస్టులో పరిహారం వస్తే, పాప 'ఎగతాళి' అని పెట్టింది. హాసం, హారం రెండూ కంటికి ఒకలాగే ఆనాయి. మళ్లీ లిస్టు పెట్టి తిట్టే బదులు, వడగళ్ల వాన పడ్డప్పుడు ఊళ్ళో ఆఫీసర్లు వచ్చి ఏం రాసుకుని పోయారని అడిగాను. "పంట నష్టపరిహారం" అంది టక్కున. మరి ఎగతాళి చేయడానికి వచ్చారా వాళ్లు? సిగ్గుపడి దిద్దుకుంది. ('వచ్చిన పైసలు చూస్తే ఎగతాళే' అని వాళ్ల నాన్న అన్నాడట, అది వేరే విషయం.)

రెండో గుంపు, ఒక మాటకు పది ముఖాలుండేవి. పట్టుచీర, తేనెపట్టు, లెక్కల మీద పట్టు, పట్టు విడవలేదు. ఆవు పాలు, ఆస్తిలో తమ్ముడి పాలు, నవ్వులపాలు. 'పని తలపెట్టాడు' అంటే తల ఎక్కడో పెట్టాడనుకుంది. 'తాతగారు కాలం చేశారు' అంటే టైమ్‌కి సంబంధించిందేదో అనుకుంది. వీటికి అర్థాలు రాయించడం మానేశాను. ఒకే మాట ఉన్న నాలుగు వాక్యాలిచ్చి, ప్రతిచోటా ఆ మాట తీసేసి దాని బదులు ఇంకోటి పెట్టి గట్టిగా చదవమనేవాణ్ణి. గట్టిగా చదవడం ముఖ్యం. కంటికి అతికినట్టున్నది చెవికి అతకదు, పిల్లల చెవి మనం అనుకున్నదానికన్నా పదును.

మూడోది నేను అస్సలు ఊహించనిది. "ఆయన ఎక్కువ మాట్లాడడు. ఏది అడిగినా ముక్తసరిగా జవాబిచ్చి తన పనిలో పడిపోతాడు." ఆప్షన్లు: కోపంగా, క్లుప్తంగా, ప్రేమగా, గట్టిగా. పాప కోపంగా అని పెట్టింది. ఎందుకంటే, "ఎక్కువ మాట్లాడడు అంటే తక్కువనే చెప్తడు సార్, కానీ తక్కువ అని ఆప్షన్ లేదు కదా." పేరాలోని మాట అర్థం సరిగ్గానే పట్టుకుంది! తెలియనిది క్లుప్తంగా అనే మాట. దొరికిన మాటల్లో తెలిసినదాన్ని ఎంచుకుని వచ్చింది. అప్పటి నుంచి పద్ధతి తిప్పాం. ఆప్షన్లను చేత్తో మూసి, ముందు నీ మాటల్లో అర్థం చెప్పు, తర్వాత చెయ్యి తియ్యి, నీ అర్థానికి పనికిరానివి కొట్టెయ్యి, మిగిలింది తెలియని మాటైనా ధైర్యంగా అదే పెట్టు. కోత మార్కులు లేని పరీక్షలో ఇది బాగా కలిసొస్తుంది.

ముందు 'అ' ఉంటే లేదు అని అర్థం అని నేర్పితే అసాధ్యం, అసత్యం లాంటివి ఇట్టే వచ్చేశాయి, వెంటనే 'అమూల్యమైన సలహా' దగ్గర బోల్తా పడింది. విలువలేని సలహా అట. విలువ కట్టలేనంత గొప్పది అని చెప్తే, "అట్లయితే మొత్తం ఉల్టా అయితుంది కదా సార్" అని నా మీదే చిరాకు పడింది. సూత్రాలు నేర్పిన ప్రతిసారీ ఇలాంటి ఒక గోతిని కూడా పక్కనే చూపించాలి.

నవంబరులో ఇచ్చిన ఒక పేరా మాత్రం పూర్తిగా పెడతాను, మార్పు ఎక్కడొచ్చిందో అందులో తెలుస్తుంది. నేనే రాసింది:

"మా ఊరి చెరువుకట్ట మీద ఒక చింతచెట్టు ఉంది. దాని వయసు నూరేళ్లు పైబడిందని పెద్దలంటారు. పోయిన ఏడాది కట్టను వెడల్పు చేయాలని తలపెట్టినప్పుడు, చెట్టు కొట్టేయక తప్పదన్నారు. ఊళ్ళో ముసలివాళ్లు ససేమిరా అన్నారు. చివరకు అధికారులే పట్టు సడలించి, కట్టను కాస్త పక్కకు మళ్లించారు."

ససేమిరా పాప ఎప్పుడూ వినలేదు. ఆప్షన్లు మూసుకుంది, పెదాలు కదుపుతూ రెండుసార్లు చదివింది. వేలు 'అధికారులే' మీద ఆగింది. "సార్, అధికారులు అని లేదు, అధికారులే అని ఉంది. అంటే వాళ్లే తగ్గిన్రు. ముసలోళ్లు తగ్గలే. ముసలోళ్లు వద్దే వద్దన్నరు." అంతే, 'ఒప్పుకోలేదు' అని పెట్టింది. చివరి ఒక్క 'ఏ' పట్టుకుని మాటకు అర్థం లాగింది. ఇది నేను నేర్పింది కాదు, ఇంట్లో రోజూ వింటున్న తెలుగే అది. కాగితం మీద ఉన్నది కూడా అదే తెలుగని నమ్మకం కుదిరాక తనే వాడుకుంది. ఆ సాయంత్రం ఇంకో పేరా ఇవ్వలేదు, మిగిలిన గంటా ఊరికే ఇలాంటి 'ఏ'లు, 'కూడా'లు, 'మాత్రం'లు, 'అయినా'లు ఎక్కడ ఏం చేస్తాయో పిల్లలందరితో ఆడుకున్నాం.

వేగం గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. సెప్టెంబరులో ఒక్కో పేరాకు 11 నిమిషాలు, డిసెంబరుకు ఏడుకు దిగింది. ఇంటి దగ్గర రోజూ పేపర్లో పిల్లల పేజీ గట్టిగా చదివి అవ్వకు వినిపించడమే మందు. వ్యతిరేకపదం అడిగితే సమానార్థం పెట్టేసే జబ్బు చివరిదాకా పూర్తిగా పోలేదు. ప్రశ్నలో 'వ్యతిరేక' కింద గీత గీయమంటే గీసేది, గీసి కూడా తప్పు పెట్టేది.

నవంబరు టెస్టులో 20కి 14, పదాల్లో ఎనిమిదికి ఆరు. జనవరి మొదటి వారంలో 17, పదాల్లో ఏడు. పోయిన ఆ ఒక్కటి, చెప్పక్కర్లేదు, వ్యతిరేకపదమే.

2025 జనవరి 18న పరీక్ష రాసింది. మార్చిలో రిజల్ట్స్ వచ్చాయి, లిస్టులో పేరు లేదు.

వాళ్లమ్మ ఏమీ అనలేదు, ఒక్కసారి మాత్రం "ఇంగ్లీష్‌ల రాస్తే వస్తుండెనేమో సారూ" అంది. డిసెంబరులో ఇంగ్లీష్ పేరాలు కూడా ఇచ్చి చూశానని, 8 దాటలేదని చెప్పాను. ఆమె తలూపింది గానీ నమ్మినట్టు లేదు. నా లెక్క వేరే. చివరి మోడల్ పేపర్లో మెంటల్ ఎబిలిటీలో 40కి 26 దగ్గర ఆగిపోయింది. అది 50 మార్కుల విభాగం. నేను 25 మార్కుల భాష మీద పడి, వారానికి నాలుగు సాయంత్రాలు దానికే పెట్టాను, ఎందుకంటే అది నాకు నచ్చింది. పాప సీటు పోవడంలో నా ఇష్టానికి వాటా ఉంది. ఈ ఏడాది బ్యాచ్‌కు వారంలో రెండు రోజులే పేరాలు, మూడు రోజులు బొమ్మల ప్రశ్నలు. లిస్టు జిరాక్స్ ఎవరికీ ఇవ్వలేదు.

పాప తర్వాత మోడల్ స్కూల్ ఎంట్రన్స్ రాసి ఆరో తరగతిలో సీటు తెచ్చుకుంది. మొన్న కనపడితే, కొత్త పిల్లలకు చూపిస్తాను, ఆ నోట్‌బుక్ ఒకసారి ఇస్తావా బిడ్డా అని అడిగాను. అవ్వ పెట్టెలో పెట్టిందట, తాళంచెవి ఆమె దగ్గరే ఉందట. రెండు రోజుల తర్వాత అవ్వే పట్టుకొచ్చింది. "జిరాక్స్ తీసుకొని మల్లియ్యి సారూ, ఇంకా రాసేటివున్నయి" అని, అక్కడే మెట్ల మీద కూర్చుంది, తీసుకునే పోతానని.